నిర్దోషి అల్లుడి పిజ్జా

రేపల్లె,
జులై 7

ప్రియమైన డ్రిల్లు మాస్టారికి,

పై గిన్నె మూత తీయగానే ఉప్పు పొట్లం కోసం వెతికి ఉంటారు. లేదు. ఉత్తరం ఉంది, చదువుకోండి.

అమ్మ చర్చి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటుందనీ, నేను బడికి సెలవు పెట్టి మూడు నెలలు రేపల్లెలో ఉండాల్సి వస్తుందనీ ఎవరనుకున్నారు? అదీ ఇప్పుడు! మీ కిడ్నీల సంగతి బయటపడి ఆరు నెలలు కాలేదు. మిమ్మల్ని తెనాలిలో ఒంటరిగా వదిలేస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. పొద్దున ఇడ్లీ బండి, మధ్యాహ్నం హోటలు సాంబారు, రాత్రికి ఎవరో ఒకరు పిలిచి పెట్టే బిర్యానీ. అందుకే ఈ ఏర్పాటు. మా పక్కింటి నాగశివ రోజూ రైల్లో తెనాలి బట్టల కొట్టుకి వస్తాడుగా, క్యారేజీ మీ బడి గేటు దగ్గర ఇచ్చి వెళ్తాడు. సాయంత్రం ఖాళీ క్యారేజీ తిరిగి పట్టుకెళ్తాడు. రెండు పూటలకీ సరిపడా పెడుతున్నాను.

ఫోనులో చెప్పొచ్చుగా అంటారు. మన ఫోను రెండో నిమిషానికి గొడవలో పడుతుంది. పైగా అమ్మ మంచం ఇంటి నడిమధ్యన ఉంది, చీమ నడిచినా వింటుంది. మీది కిడ్నీ జబ్బని ఆవిడకు చెప్పలేదు. కాలికి కట్టుతో పడుకున్న మనిషికి ఇంకో దిగులెందుకని, "కాస్త బీపీ, ఉప్పు తగ్గించమన్నారు" అని ఊరుకున్నాను. కాబట్టి ఉత్తరాలే. పెళ్ళైన కొత్తలో నేను బాపట్లలో టీచరు ట్రైనింగు చేసేటప్పుడు వారానికి మూడు రాసేవారు. ఇప్పుడు ఒకటి రాసినా చాలు.

ఇక వినండి. డైటీషియన్ ఉమామహేశ్వరి గారు రాసిచ్చిన కాగితం వంటింటి గోడకు అంటించాను. ఏ కూరగాయైనా తొక్కు తీసి, సన్నగా తరిగి, వేడినీళ్ళలో రెండు గంటలు నానేసి, ఆ నీళ్ళు తీసేసి, మళ్ళీ బోలెడు నీళ్ళలో ఉడికించి, అవీ వార్చేశాకే తాలింపు. అలా చేస్తే కూరలో ఉన్న పొటాషియం దిగిపోతుందట. ఒక్కరోజు కూడా తప్పను. గోంగూర లేదు, మునక్కాయ లేదు, టమాటా లేదు, కొబ్బరినీళ్ళ పేరెత్తొద్దు. నందివెలుగు నుంచి మీ శిష్యుడెవరైనా అరటి గెల తెస్తే స్టాఫ్ రూములోనే పంచేయండి. కూర ఎలాగూ చప్పగా ఉంటుంది కాబట్టి చారు మాత్రం కాస్త ఘాటుగా పెట్టాను. చింతపండు లేకుండా మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి, చివర్లో రెండు నిమ్మచుక్కలు.

మీ రక్తంలో పొటాషియం ఐదు పాయింట్ ఆరు ఉంది. ఐదు లోపుకి దిగాలి. రెండు నెలల్లో దిగకపోతే డయాలసిస్ గురించి ఆలోచించాల్సిందే అన్నారు డాక్టరుగారు. తినే ముందు ఆ మాట ఒకసారి గుర్తు చేసుకోండి.

పిజ్జా సంగతి కూడా తేల్చేస్తాను. మొన్న ఉమామహేశ్వరి గారిని మీరు సిగ్గు లేకుండా అడిగారు, ఆవిడ నవ్వి ఒప్పుకున్నారు కూడా. రిపోర్టు ఐదు లోపుకి వస్తే, ఇంట్లో చేసినదైతే, పల్చటి రొట్టె మీద టమాటా బదులు కాల్చిన ఎర్ర క్యాప్సికం ముద్ద రాసి, పైన ఒక్క చెంచా చీజు. రెండు ముక్కలు, నెలకోసారి. నేను పక్కనే ఉండి విన్నాను కాబట్టి నమ్మాను. యాభై రెండేళ్ళ మనిషి! చేపల పులుసు తగ్గించమంటే సరేనన్నారు, ఆవకాయ మానమంటే ఊరుకున్నారు, పిజ్జా వద్దనేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు! రిపోర్టు రానివ్వండి. అప్పటిదాకా పిజ్జా కొట్టున్న వీధిలో అడుగు పెట్టొద్దు.

మీ మీద నమ్మకం సగం, ప్రేమ నిండుగా ఉన్న
కృపారాణి

*

తెనాలి,
జులై 8

ప్రియమైన కృపకు,

నీ క్యారేజీ స్టాఫ్ రూములో తెరిచాను. లెక్కల మాస్టారు అజయ్ బాబు తొంగి చూసి, "ఏంటి సార్, ఆసుపత్రి భోజనమా?" అన్నాడు. "కాదండి, అత్తారింటి భోజనం" అన్నాను. "మీ అత్తారికి మీ మీద కోపమేంటండి?" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. నీ క్యాబేజీని రెండుసార్లు స్నానం చేయించావు కదా, దానికి తన పేరు కూడా గుర్తున్నట్టు లేదు.

కానీ చారు! కృపా, ఆ చారు ఎలా పెట్టావు? గిన్నె వంచుకుని తాగాను. అజయ్ బాబు చేయి చాపాడు, ఇవ్వలేదు. నువ్వు రోజూ ఆ చారు పంపేటట్టయితే మిగతా గిన్నెల్లో గడ్డి పెట్టినా నేను కిక్కురుమనను.

పిజ్జా గురించి నువ్వు ఎగతాళి చేస్తావు కానీ, ఎందుకంత ఇదైపోతున్నానని ఏనాడైనా అడిగావా? పోయిన డిసెంబరులో బాపట్ల వెళ్ళి కావేరిని హాస్టల్లో చూసి వచ్చాను, గుర్తుందా? అది ఫుడ్ టెక్నాలజీలో చేరాక మొదటిసారి చేతికి వచ్చిన స్టైపెండుతో నన్ను పిజ్జా తినడానికి తీసుకెళ్ళింది. నేను చెంచా కోసం చూస్తుంటే, "నాన్నా, చేత్తో ఇలా మడిచి తినాలి" అని నేర్పింది. చీజు గడ్డం మీద పడితే తుడిచింది. నడక నుంచి సైకిల్ దాకా దానికన్నీ నేనే నేర్పాను. ఆ రోజు అది నాకు నేర్పింది. ఆ తర్వాత నాలుగు వారాలకే నా రక్తపరీక్ష. నాకు వద్దన్నవన్నీ యాభై ఏళ్ళు తిన్నవే. మొహం మొత్తేదాకా తిన్నాను. పిజ్జా ఒక్కటే కొత్తగా నేర్చుకున్నాను, నేర్చుకోగానే లాగేసుకున్నారు. అదీ సంగతి.

రిపోర్టు ఐదు లోపుకి తెస్తాను. డ్రిల్లు మాస్టారు మాటిస్తున్నాడు.

చప్పిడి కూరలు తినే
నీ శాలేమురాజు

*

రేపల్లె,
జులై 18

ప్రియమైన చారు ప్రియులకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కావేరి మీకు పిజ్జా మడవడం నేర్పిందన్న చోట ఆగి కళ్ళు తుడుచుకున్నాను. "ఏంటే, అల్లుడికి బాగాలేదా?" అని అమ్మ మంచం మీద నుంచి కేక. "ఉల్లిపాయలమ్మా" అన్నాను. నా చేతిలో ఉన్నది కాగితం, ఉల్లిపాయ కాదు. ఆవిడ చూడనే చూసింది.

చారు మీకు అంత నచ్చిందని చెబితే మురిసిపోయింది. "అది మా అమ్మ పద్ధతే. నేను నేర్చుకున్నాను, నువ్వు నేర్చుకున్నావు" అంది. రేపటి నుంచి చారుకి పెద్ద గిన్నె పెడుతున్నాను, కడుపు నిండా తాగండి. ఈ పథ్యంలో మీకు దొరికే సుఖం అదొక్కటే, దాన్ని కూడా ఎందుకు తగ్గించాలి?

మొన్న ఆదివారం చర్చికి వచ్చినప్పుడు మీ మొహం కాస్త తేటగా అనిపించింది. అమ్మ కూడా "అల్లుడు నిగనిగలాడుతున్నాడే" అంది. నేను రోజూ ఒకటే ప్రార్థన చేస్తున్నాను. ఏమిటో మీకు తెలుసు. ఐదు లోపు.

మీ
కృప

*

తెనాలి,
ఆగస్టు 6

ప్రియమైన కృపకు,

ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. రిపోర్టు వచ్చింది. ఐదు పాయింట్ తొమ్మిది.

దిగలేదు కృపా, పెరిగింది. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు. "మాస్టారూ, ఆరు దాటితే ఆసుపత్రిలో చేర్చుకుంటాను. నెలాఖరుకి మళ్ళీ చూద్దాం. ఇలాగే ఉంటే డయాలసిస్‌కి సిద్ధం కావాలి, ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేయాలి" అన్నారు. ఆ చేత్తో ఇక బరువు మోయకూడదట, ఎవరినీ పట్టుకుని లాగకూడదట. నేను కబడ్డీ నేర్పే మనిషిని.

ఉమామహేశ్వరి గారు పోలీసులకన్నా గట్టిగా అడిగారు. అన్నం ఎంత, కూర ఏంటి, నానేస్తున్నారా, వారుస్తున్నారా? అన్నీ అవునన్నాను. పండ్లు? లేదండి. ఊరగాయ? వాసన కూడా చూడలేదండి. చారు? టమాటా, చింతపండు లేవండి, మిరియాలూ జీలకర్రే అన్నాను. అది కూడా రాసుకున్నారు. చివరికి కాగితం పక్కన పెట్టి, "బయట ఏమైనా తింటున్నారా అండి? నిజం చెప్పండి" అన్నారు. లేదండి అన్నాను. ఆవిడ నమ్మినట్టు కనిపించలేదు.

నాకు భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. శనివారం చుండూరులో మన అమ్మాయిల జట్టుకి కబడ్డీ ఫైనల్. ఆ ధ్యాసలో పడి రెండు రోజులు గడిపేస్తాను.

నీ
రాజు

*

రేపల్లె,
ఆగస్టు 13

శ్రీ శాలేమురాజు గారికి,

ప్రియమైన అని రాయబోయి ఆపాను.

మా తమ్ముడు రమేష్ బాబు నిన్న వచ్చాడు. వాడి సెల్ ఫోన్ల కొట్టుకి ఎదురుగా ఏముందో మీకు బాగా తెలుసు. "అక్కా, శనివారం సాయంత్రం బావగారు పిజ్జా కొట్లో కూర్చుని ఉన్నారే. బయటికొచ్చేటప్పుడు చేతిలో డబ్బా కూడా ఉంది. పలకరిద్దామనుకుంటే గబగబా వెళ్ళిపోయారు" అన్నాడు.

నేను పొద్దున నాలుగున్నరకి లేస్తున్నాను. బీరకాయ తొక్కు తీసి నానేస్తున్నాను, వారుస్తున్నాను, మళ్ళీ ఉడికిస్తున్నాను. మీ రైలు క్యారేజీ కోసం అమ్మకి కాఫీ కూడా ఆలస్యమవుతోంది. ఐదు పాయింట్ తొమ్మిది అని మీరు రాసిన రోజు నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను, నా వంటలో ఏం తప్పు జరిగిందా అని. తప్పు నా వంటింట్లో లేదు. తెనాలి బజార్లో ఉంది.

ఎన్నిసార్లు వెళ్ళారు? నిజం చెప్పండి. కోపమైతే పడతాను, తిట్టుకుంటాను, తర్వాత మామూలైపోతాను. కానీ అబద్ధం చెబితే మీ ప్రాణం కోసం నేను ఎవరితో కలిసి పోరాడాలి? మీతోనే కదా.

కృపారాణి

*

తెనాలి,
ఆగస్టు 13, సాయంత్రం

ప్రియమైన కృపకు,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను, ప్రియమైన అనే.

మన అమ్మాయిలు ఫైనల్ గెలిచారు. హెడ్‌మాస్టరు గారు సంతోషం పట్టలేక, "మాస్టారూ, పిల్లల్ని తీసుకెళ్ళి ఏం కావాలంటే అది తినిపించండి" అన్నారు. పన్నెండు మందీ ఒక్క గొంతుతో పిజ్జా అన్నారు. నేను చేయగలిగిందేముంది? తీసుకెళ్ళాను. నాలుగు పెద్ద పిజ్జాలు. నేను మూల కుర్చీలో కూర్చుని చూశాను. రమేష్ చూసిన డబ్బా నాది కాదు, కెప్టెన్ నాగమల్లేశ్వరి తమ్ముడి కోసం విడిగా కట్టించుకున్నది. బస్సు ఎక్కించేదాకా నేను పట్టుకున్నాను.

నేను పిజ్జా తినలేదు. ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు.

ఇంకో మాట. రిపోర్టు వచ్చింది ఆరో తారీకున. పిజ్జా కొట్టుకి వెళ్ళింది తొమ్మిదిన. మరి ఐదు పాయింట్ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చింది? లెక్కల మాస్టారుని అడుగుదామా?

ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసి, ఒక సెల్ ఫోన్ల కొట్టువాడి మాట మీద నన్ను "శ్రీ" చేసేశావు. నీకన్నా నాకే ఎక్కువ భయంగా ఉందని నీకెందుకు అర్థం కాదు? నమ్మకపోతే క్యారేజీ మానెయ్. గంజి తాగి బతుకుతాను.

శాలేమురాజు

*

తెనాలి,
ఆగస్టు 20

ప్రియమైన కృపకు,

వారం రోజులుగా ఉత్తరం లేని క్యారేజీ తింటున్నాను. కూర కన్నా అదే ఎక్కువ చప్పగా ఉంది. ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చున్నావు, అన్ని పాటలూ పుస్తకం చూసే పాడావు. నీకు రాని పాటలా అవి? నా వైపు ఒక్కసారైనా చూస్తావేమోనని చివరిదాకా ఎదురు చూశాను.

ఈ ఆదివారం రాలేను. బాపట్లలో జిల్లా జట్టు ఎంపికలు, పిల్లల్ని తీసుకెళ్ళాలి.

చారుకి మాత్రం కోపం రాలేదు, ఎప్పటిలాగే ఉంది. దానికి నా వందనాలు చెప్పు.

రాజు

*

రేపల్లె,
ఆగస్టు 25

ప్రియమైన, ప్రియమైన, ప్రియమైన మీకు,

ముందు ఆ చారు గిన్నె తెరవకండి. తెరిచినా ఏమీ లేదులెండి, ఈ రోజు పెట్టలేదు. ఇక పెట్టను.

నిన్న కావేరి వచ్చింది. మీరు బాపట్ల వెళ్తే అది బాపట్ల నుంచి ఇటు వచ్చింది. మీరు రాకపోయినా అలవాటుగా నేను మీ పథ్యం వంటే చేస్తుంటే గట్టు మీద కూర్చుని కబుర్లు చెబుతోంది. బీరకాయ ముక్కలు వార్చి, ఆ నీళ్ళు చారు గిన్నెలో పోశాను. అది మాట ఆపేసింది.

"అమ్మా, అవేంటి?"

"చారుకి నీళ్ళే."

"ఏ నీళ్ళు?"

"నానేసినవీ, ఉడికించినవీ. రెండూ కలిపాను. ఏం?"

అది గట్టు దిగి నా చేతిలో గిన్నె లాక్కుంది. "రోజూ ఇలాగే చేస్తున్నావా? అమ్మా! నాన్న తినకూడదని కూరలోంచి తీసిందంతా ఈ నీళ్ళలోనే ఉందే! కూరలో తీసేసి చారులో పోస్తున్నావా?"

మంచం మీద నుంచి అమ్మ అందుకుంది. "పారబొయ్యమంటావా ఏంటే? సత్తువంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది."

"ఆ సత్తువే అమ్మమ్మా నాన్నకి పడనిది!"

కాగితంలో నీళ్ళు తీసేయమని ఉంది, తీశాను. పారబోయాలని నా బుర్రకి తట్టలేదండి. మా అమ్మమ్మ ఇంట్లో గానీ, మా ఇంట్లో గానీ కూర ఉడికిన నీళ్ళు పారబోయడం నేను పుట్టాక చూడలేదు. ఆవిడ చారు పెట్టేది, అమ్మ చారు పెట్టేది, నా చేయి దానంతట అదే గిన్నె వైపు వెళ్ళింది. మీరు బాగుందన్నారని గిన్నె కూడా పెద్దది చేశాను! ఏడు వారాలు! పొటాషియం పెరగక ఏమవుతుంది? ప్రేమగా కాచి, రైల్లో పెట్టి, నా చేత్తో నేనే పంపాను.

ఇక అమ్మకి చెప్పక తప్పలేదు. కిడ్నీలని వినగానే కట్టు కాలు కదిలేంత ఏడ్చింది. "నా అల్లుడికి నేనే విషం నేర్పి పెట్టించానా" అని. కావేరి రెండు గంటలు కూర్చుని సముదాయించింది. ఇప్పుడు కూర నీళ్ళు పోయడానికి ఆవిడ మంచం పక్కనే బకెట్టు పెట్టించుకుంది. నేను నిజంగా పారబోస్తున్నానో లేదో తనే చూస్తుందట.

మిమ్మల్ని దొంగని చేశాను. వారం రోజులు మాట్లాడలేదు. చర్చిలో పక్కన కూర్చుని పుస్తకంలో మొహం దాచుకున్నాను. మన్నించండి.

రిపోర్టు మంచిగా వస్తే మొదటి పిజ్జా తనే చేస్తానని అమ్మ ప్రతిజ్ఞ చేసింది. పిజ్జా అంటే ఏంటో ఇంకా ఆవిడకి తెలియదు.

మీ
కృప

*

తెనాలి,
ఆగస్టు 25, సాయంత్రం

ప్రియమైన కృపకు,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి ఎంత నవ్వానంటే అజయ్ బాబు నీళ్ళు తెచ్చిచ్చాడు. ఉమామహేశ్వరి గారికి ఫోను చేస్తే ఆవిడ కూడా నవ్వి, "ఈ ప్రశ్న నా కాగితంలో లేదండి, ఇవాళే చేరుస్తాను" అన్నారు. రేపే వచ్చి రక్తం ఇవ్వమన్నారు, మళ్ళీ వారం తర్వాత కూడా ఇవ్వమన్నారు.

నువ్వు ఏడవకు. ఇన్నాళ్ళూ నా లోపల ఇంకేదో పాడైపోయిందనుకున్నాను. చారని తెలిసి ఎంత హాయిగా ఉందో! మన్నించడానికి ఏముంది? అత్తయ్యకి నా తరఫున చెప్పు, జీవితంలో అంత మంచి చారు తాగలేదని.

నీ
రాజు

*

తెనాలి,
సెప్టెంబరు 3

ప్రియమైన కృపకు,

నాలుగు పాయింట్ ఎనిమిది!

మళ్ళీ రాస్తున్నాను, నాకే చూసుకోవాలని ఉంది. నాలుగు పాయింట్ ఎనిమిది. డయాలసిస్ మాట ఇప్పట్లో లేదన్నారు డాక్టరుగారు. బడి మైదానంలో ఊరికే విజిల్ ఊదాను. పిల్లలంతా వచ్చి వరసలో నిలబడ్డారు. ఏం చెప్పాలో తెలియక ఇంటికి పంపించేశాను.

ఆదివారం వస్తున్నాను. ఎర్ర క్యాప్సికం తెనాలి మార్కెట్లో నేనే ఏరి తెస్తాను.

నీ
రాజు

*

రేపల్లె,
సెప్టెంబరు 5

ప్రియమైన నాలుగు పాయింట్ ఎనిమిది గారికి,

ఇక్కడ ఇల్లు పిజ్జా కొట్టయిపోయింది. కావేరి ఫోనులో పాఠాలు చెబుతోంది. అమ్మ ఎత్తు పీట మీద కూర్చుని పిండి పిసుకుతోంది. గోధుమపిండి తెస్తే కావేరి వద్దంది, కిడ్నీలకి మైదాయే మేలట. "ఇన్నాళ్ళూ మైదా మంచిది కాదని చావగొట్టారు కదే" అని అమ్మ గొడవ. ఉప్పు, వంటసోడా వద్దు, ఈస్టు మాత్రం వేయాలి. పిండి పొంగింది చూసి అమ్మ భయపడి దాని మీద మూత పెట్టి, మూత మీద రోలు పొత్రం పెట్టింది.

పొయ్యి మీద క్యాప్సికం కాల్చి, నల్లటి తొక్క ఒలిచి, వెల్లుల్లితో నూరాం. అమ్మ వేలితో నాకి చూసి, "ఇది మన వంకాయ పచ్చడి పెద్ద చెల్లెలే" అంది. ఓవెన్ లేదు కాబట్టి పెనం మీద కాల్చి మూత పెట్టాం. మొదటిది ఒకవైపు మాడింది, నాగశివ తిన్నాడు. రెండోది గుండ్రంగా రాలేదు, నాగశివే తిన్నాడు. మూడోది బాగా వచ్చింది. పాపం, దాని రుచి ఎలా ఉందో చెప్పే స్థితిలో అప్పటికి నాగశివ లేడు.

ఆదివారం ఆరాధన కాగానే. ఖాళీ కడుపుతో రండి.

మీ
కృప

*

తెనాలి,
సెప్టెంబరు 8

ప్రియమైన కృపకు,

నిన్న రాత్రి రైల్లోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇంటికొచ్చి చింపేసి మళ్ళీ రాస్తున్నాను.

పిజ్జా చాలా బాగుంది. బాపట్లలో తిన్నదానికన్నా బాగుంది, అది అబద్ధం కాదు. ఉప్పు లేదన్న సంగతే తెలియలేదు, ఆ కాల్చిన క్యాప్సికం అంత కమ్మగా ఉంది. కానీ నేను సరిగ్గా తినలేకపోయాను. నువ్వు గమనించి, "ఏంటండి, నచ్చలేదా?" అన్నావు.

అత్తయ్య ప్రార్థన మొదలుపెట్టినప్పుడు పిజ్జా పొగలు కక్కుతోంది. అతుక్కుంటున్న కాలు, కావేరి పరీక్షలు, నాగశివ, రేపల్లె రైలు, అందరి మీదా అన్నిటి మీదా ఆశీర్వాదాలు అయ్యాయి. తర్వాత నా దగ్గరికి వచ్చింది. "ప్రభువా, చేయని తప్పుకి నిందలు మోసిన నిర్దోషి నా అల్లుడు" అంది. నువ్వు ముక్కు ఎగబీల్చావు. నేను కళ్ళు తెరిచేశాను. చీజు చల్లారి గట్టిపడిపోయింది. దాని వంకే చూస్తూ ఆమెన్ అన్నాను.

తిన్నాను కృపా. ఆ శనివారం తిన్నాను.

పిల్లలు కడుపు నిండా తిని లేచారు. మూడు ముక్కలు మిగిలాయి. కొట్టువాడు డబ్బా మూసి చెత్తబుట్ట వైపు తీసుకెళ్తున్నాడు. "ఆగవయ్యా" అన్నాను. పారేస్తారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను కానీ, అదొక్కటే కాదు. మూడు రోజుల ముందే ఐదు పాయింట్ తొమ్మిది అన్నారు. ఇంత పథ్యం చేసీ పెరిగిందంటే ఇక నా పని అయిపోయిందనుకున్నాను. చేతికి ఆపరేషన్ అయితే ఇక కబడ్డీ లేదు, పిజ్జా లేదు. ఒక్కసారి తినేద్దామనిపించింది. కావేరి నేర్పినట్టు మడిచి మూడూ తిన్నాను. ఏడుపొచ్చింది, పిల్లలు చూస్తారని గోడ వైపు తిరిగాను.

నువ్వు అడిగినప్పుడు నిజం చెబితే, రోజూ తింటున్నాననే నమ్ముతావని భయపడ్డాను. ఒక్కరోజు తప్పుకి నెల రోజుల తప్పూ నా మీదే పడుతుందనుకున్నాను. అందుకే ముక్క కూడా ముట్టుకోలేదని రాశాను. ఆ తర్వాత చారు బయటపడింది, నువ్వు మన్నించమన్నావు. అప్పుడైనా చెప్పాల్సింది. నవ్వేసి ఊరుకున్నాను. రెండు వారాలు నిర్దోషిగా బతికాను, సుఖంగానే ఉంది. కానీ అత్తయ్య దేవుడికి కూడా అదే చెప్పేసరికి నాకు ముద్ద దిగలేదు.

ఇప్పుడు నన్ను "శ్రీ" అని పిలిచినా పడతాను.

దోషి అయిన
నీ శాలేమురాజు

*

రేపల్లె,
సెప్టెంబరు 9

ప్రియమైన దోషి గారికి,

తెలుసు.

రమేష్ బాబు చెప్పక ముందే తెలుసు. ఆ మర్నాడు ఆదివారం ఉతకడానికి మీరు తెచ్చిన బట్టల్లో డ్రిల్లు చొక్కా ఉంది. జేబు మీద టమాటా మరక, అరచేయి అంత. తెనాలిలో మీరే ఉతకబోయి సబ్బుతో రుద్ది ఇంకా పెద్దది చేశారు. నిమ్మచెక్కతో మూడుసార్లు రుద్దితే గానీ పోలేదు. చూడటం మాత్రమే కాదు, పోలీసు కుక్కలాగా వాసన కూడా చూశాను. వెల్లుల్లి, చీజు!

అందుకే అంత కోపం వచ్చింది. "ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు" అని మీరు రాసిన ఉత్తరం, ఆ చొక్కా, రెండూ పక్కపక్కన పెట్టుకుని వారం రోజులు చూశాను. మరక కడిగితే పోయింది. ఆ వాక్యం పోలేదు. చొక్కా సంగతి మీ మొహం మీద అడిగేస్తే ఒప్పుకునేవారు, అది నాకు తెలుసు. కానీ పట్టుబడి ఒప్పుకున్న నిజం నాకు వద్దు. మీ అంతట మీరు చెబుతారేమోనని చూశాను. చారు బయటపడ్డాక ఇంకా ఎదురుచూశాను. నాలుగు పాయింట్ ఎనిమిది అని రాసిన రోజు చాలా సంతోషించాను, కానీ సగమే. మిగతా సగం ఇవాళ వచ్చింది. నిజం చెప్పాలంటే ఇదే నాకు పెద్ద రిపోర్టు.

ఇక లోకంలో ఏ డాక్టరు ఏ అంకె చెప్పినా నాకు భయం లేదు. రేపు పెరిగితే మీరు దాచరు, తప్పు నాదైతే నేను దాచను. ఇద్దరం ఒక వైపు ఉన్నాం, అది చాలు.

మీరు భయంతో ఒక సాయంత్రం మూడు ముక్కలు తిన్నారు. నేను ప్రేమతో ఏడు వారాలు గిన్నెలు గిన్నెలు పోశాను. నన్ను అడిగితే పెద్ద తప్పు నాది, పెద్ద అబద్ధం మీది. నేను మిమ్మల్ని మన్నించాను, మీరు నన్ను ఎప్పుడో మన్నించారు. ఇక ఏడవకండి, నేనూ ఏడవడం లేదు. అంటే, ఇప్పుడు కాదు, పొద్దున అయిపోయింది.

అమ్మ కట్టు ఇరవయ్యో తారీకున విప్పుతారట. ఆ మర్నాడే తెనాలి వస్తున్నాను. మీ మెడ పట్టుకుని బడికి పంపే రోజులు మళ్ళీ మొదలు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఈ ఉత్తరం సంగతి అమ్మకు తెలియనివ్వకండి. నెల నెలా పిజ్జా తనే చేస్తానని ఆవిడ మాటిచ్చింది నిర్దోషి అల్లుడికి. దోషి అని తెలిస్తే పెనం అటకెక్కిస్తుంది. మీ పాపం నేను దాస్తాను. నాకూ రెండు ముక్కలు ఇవ్వాలి.

మీ
కృప